చాటు చేప, చప్పుడు లేని ఎర

డల్లాస్ నుంచి తూర్పుగా కారులో గంటన్నర పోతే లేక్ ఫోర్క్ వస్తుంది. 1980లో ఆనకట్ట పూర్తయ్యేనాటికి, మునగబోయే అడవిని మొత్తం నరికించకుండా చాలా భాగం అలాగే వదిలేశారు. ఆ చెట్లు ఇప్పటికీ నీళ్ళలో నిలబడే ఉన్నాయి. ఆకు లేదు, బెరడు ఊడిపోయింది, కొమ్మలు మాత్రం మిగిలాయి. 27 వేల ఎకరాల పైచిలుకు జలాశయంలో పడవ నడిపేవాడికి అదొక పెద్ద తలనొప్పి. బాస్ చేప కోసం గాలం పట్టేవాడికి మాత్రం అంతకంటే మంచి చోటు లేదు. టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌండ్లది, అంటే 8 కిలోల పైమాట, 1992 జనవరిలో అక్కడే పడింది.

మరి అందులోంచి చేపను పట్టడం ఎలా? చేప మునిగిన చెట్టు మొదట్లో ఉంది. మనిషి పడవలో నిలబడ్డాడు. ఇద్దరికీ మధ్య కొమ్మలు. రాడ్‌ను తల వెనక్కి తీసుకెళ్ళి బలంగా విసిరితే ఎర కొమ్మకు చుట్టుకుంటుంది. కొమ్మను తప్పించుకుంటే దభీమని నీళ్ళలో పడుతుంది. రెండు రకాలుగానూ చేప దక్కదు. ఈ చిక్కుకు అమెరికన్ జాలర్లు కనిపెట్టుకున్న ఉపాయం పేరు పిచింగ్. ఎరను తల మీదుగా కాకుండా నడుము ఎత్తు నుంచి వదిలి, నీటి మట్టానికి కాస్త పైనే పోనిచ్చి, ఏడెనిమిది మీటర్ల అవతల రెండు కొమ్మల మధ్య జానెడు ఖాళీలో చప్పుడు కాకుండా దించడం. చూస్తే మణికట్టు ఒక్కసారి కదిలినట్టుంటుంది, అంతే. ఏ శాస్త్రజ్ఞుడూ దీన్ని లెక్కలు కట్టి తయారు చెయ్యలేదు. అయినా ఇందులో ప్రతి కదలికకూ చేప ఒంట్లోనో, నీటి స్వభావంలోనో ఒక కారణం దొరుకుతుంది. విద్యను కారణాలతో పాటు నేర్చుకున్నవాడికి చెయ్యి త్వరగా తిరుగుతుందని నా నమ్మకం. అందుకే ముందు చేప సంగతి చూద్దాం.

ఇక్కడ మాట్లాడుతున్నది లార్జ్‌మౌత్ బాస్ గురించి. ఉత్తర అమెరికా మంచినీటి చేప. సన్‌ఫిష్ కుటుంబానికి చెందింది. పెద్ద నోరే దాని పేరు, దాని బతుకుదెరువూ. వెంటపడి వేటాడటం దానికి చేతకాదని కాదు గానీ, పొట్టిగా బలిసిన ఆ ఒళ్ళు దూరపు పరుగుకు పనికొచ్చేది కాదు. ఉన్నచోటు నుంచి ఒక్క ఉదుటున దూకడానికి బాగా పనికొస్తుంది. ఎర దగ్గరికొచ్చాక అది కొరకదు, పీలుస్తుంది. నోరు ఒక్కసారిగా తెరుచుకోగానే లోపలి గది వ్యాకోచిస్తుంది, పీడనం పడిపోతుంది, నీళ్ళతో పాటు చిన్నచేప లోపలికి వచ్చేస్తుంది. ఇదంతా దాదాపు సెకనులో ఇరవయ్యో వంతులో ముగిసే వ్యవహారం. అయితే ఈ పీల్పుకు ఒక పరిమితి ఉంది. నోటి నుంచి దూరం పెరిగేకొద్దీ దాని బలం చాలా వేగంగా తగ్గిపోతుంది. తెరిచిన నోరు ఎంత వెడల్పో సుమారు అంత దూరం వరకే గట్టిగా పనిచేస్తుంది. కాబట్టి బాస్‌కు కావలసింది ఆహారం తనంతట తాను మూతి దగ్గరికి వచ్చే చోటు. అంటే చాటు.

ఏ చాటైనా సరిపోతుందా? 1980లలో జాక్వెలిన్ సవినో, రాయ్ స్టైన్ అనే ఇద్దరు జీవశాస్త్రజ్ఞులు దీన్ని తొట్లలో పరీక్షించారు. నీటి మొక్కలకు బదులు కృత్రిమ కాడలు పాతి, అందులో బాస్‌లనూ, అవి తినే బ్లూగిల్ చేపలనూ వదిలారు. ఒక తొట్టిలో కాడలే లేవు. మరో తొట్టిలో చదరపు మీటరుకు 1,000 కాడలు. కాడలు చిక్కనయ్యే కొద్దీ బాస్‌కు వేట కుదరడం తగ్గింది, 1,000 దగ్గర దాదాపు సున్నా అయింది. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది మరొకటి. కాడలు తక్కువున్నచోట బాస్ తిరుగుతూ వెతికింది, చిక్కబడ్డచోట తిరగడం మానేసి మాటు వేసింది. అంటే మాటు వెయ్యడం దాని పుట్టు గుణం మాత్రమే కాదు, చోటును బట్టి మార్చుకునే ఎత్తుగడ కూడా. జాలరికి ఇందులో రెండు సూచనలున్నాయి. మరీ ఒత్తైన పొద నడిమధ్యలో చేప ఉన్నా అక్కడ దానికి తిండి దొరకడం కష్టం. చాటుకూ ఖాళీకీ మధ్య అంచు ఎక్కడుందో, పొదలో సందు ఎక్కడుందో అక్కడ వెతకాలి. రెండోది, మాటు వేసిన చేప దూరం కదలదు కాబట్టి ఎరే దాని దగ్గరికి పోవాలి. అరమీటరు తప్పినా వృథాయే.

మన కొర్రమీనును ఎరిగినవాళ్ళకు ఈ ధోరణి కొత్తగా ఉండదు. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్న కొర్రమీనుకూ బాస్‌కూ చుట్టరికం ఏమీ లేదు. కొర్రమీను గాలి కూడా పీల్చే చేప, బాస్‌కు ఆ సదుపాయం లేదు. అయినా కలుపు మొక్కల అంచున కదలకుండా ఉండి, కప్పో చిన్నచేపో దగ్గరికి రాగానే విరుచుకుపడే పద్ధతి రెండింటిదీ ఒకటే. వేర్వేరు ఖండాల్లో ఒకే రకం బతుకుదెరువు ఒకే రకం అలవాటును తయారు చేసింది.

చాటులో ఇంకో లాభం కూడా ఉంది, నీడ. చేపకు కనురెప్పల్లేవు. నీడలో ఉన్న చేపకు ఎండలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. ఎండలో ఉన్నదానికి నీడలోది ఆ స్పష్టతతో కనపడదు. 1981లో జీన్ హెల్ఫ్‌మన్ అనే జీవశాస్త్రజ్ఞుడు దీన్ని కొలిచి చూశాడు. నీడలో ఉన్న కన్ను ఎండలోని వస్తువును ఎంత దూరం నుంచి పసిగడుతుందో, ఎండలో ఉన్న కన్ను నీడలోనిదాన్ని పసిగట్టాలంటే అందులో సగం దూరం కంటే దగ్గరికి రావలసి ఉంటుందని తేల్చాడు. మిట్టమధ్యాహ్నం పడవ మీద ఎండలో నిలబడ్డ మనిషి పరిస్థితి ఏమిటో ఇక ఊహించుకోండి.

అయితే మనిషికి నీరు ఒక సాయం చేస్తుంది. నీటి లోపలి నుంచి పైకి చూస్తే, బయటి ప్రపంచమంతా సుమారు 97 డిగ్రీల కోణం ఉన్న ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. కాంతి నీళ్ళలోకి దిగేటప్పుడు వంగడం వల్ల దిగంతం నుంచి నడినెత్తి వరకు ఉన్నదంతా ఆ కిటికీలోకే కుదించుకుపోతుంది. అందులోనూ అంచున ఉన్నది మరీ నలుగుతుంది. పడవ మీద నిలబడ్డవాడి తల నీటికి 2.2 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. లోతు తక్కువ నీటిలో, 8 మీటర్ల దూరంలో చేప ఉంటే, మనిషి మొత్తం దిగంతానికి 15 డిగ్రీల ఎత్తు వరకే ఉంటాడు. ఆ 15 డిగ్రీలూ చేప కంటికి కిటికీ అంచున రెండున్నర డిగ్రీలు కూడా లేని పట్టీగా మారిపోతాయి. అదే మనిషి 3 మీటర్ల దగ్గరికి వస్తే ఆ పట్టీ 11 డిగ్రీలవుతుంది, దాదాపు అయిదు రెట్లు. బురదనీటిలో 3 మీటర్లకు వెళ్ళినా ఫరవాలేదు. తేటనీటిలో 8 మీటర్ల దగ్గరే ఆగిపోవడం మేలు. పిచింగ్ దూరం ఎందుకు ఆ మాత్రమే ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది. అంతకంటే దగ్గరైతే చేప చూస్తుంది. అంతకంటే దూరమైతే జానెడు సందులో ఎర దించడం మన వల్ల కాదు.

కన్ను కాక చెవి ఉంది. చేపకు బయట చెవులు కనిపించవు గానీ పుర్రె లోపల ఉన్నాయి. వాటికి తోడు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా పార్శ్వరేఖ ఉంటుంది, పక్కనే నీరు కాస్త కదిలినా పట్టేస్తుంది. పడవలో మాట్లాడుకుంటే చేపలు బెదురుతాయని చాలామంది గుసగుసలాడుతూ కూర్చుంటారు. నిజానికి గాలిలో పుట్టిన శబ్దంలో దాదాపు అంతా నీటి పైపొర మీద తిరిగి వెనక్కి వెళ్ళిపోతుంది. నూటికి ఒక వంతు కూడా లోపలికి పోదు. కబుర్లు చెప్పుకోండి, ఏమీ కాదు. కాలు తడబడి పడవ అడుగున పెట్టె మూత దబ్బున వేస్తే మాత్రం ఆ చప్పుడు నేరుగా నీళ్ళలోకి దిగి, సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో పోతుంది.

ఎర నీళ్ళలో పడే చప్పుడూ అలాంటిదే. తల మీదుగా విసిరిన ఎర గాలిలో 4 మీటర్ల ఎత్తుకు లేచిందనుకుంటే, నీటిని తాకేటప్పటికి కిందికి సెకనుకు 9 మీటర్ల వేగంతో వస్తుంది. పిచింగ్‌లో ఎర నీటికి 1.3 మీటర్ల ఎత్తు దాటకుండా పోతే కిందికి వచ్చే వేగం సెకనుకు 5 మీటర్లు. కిందికి గుద్దే శక్తి మూడో వంతుకు పడిపోయింది. ఆఖరి క్షణంలో బొటనవేలితో దారాన్ని బిగబట్టి, రాడ్ కొనను కాస్త పైకెత్తితే ముందుకు పోయే వేగం కూడా చాలావరకు హరించుకుపోతుంది. బాగా చెయ్యి తిరిగినవాడు వేస్తే ఎర నీళ్ళలోకి జారుకున్న చోట ఒక చిన్న వలయం మాత్రం లేస్తుంది. కొందరైతే అలవాటుగా ప్రతిసారీ పడాల్సిన చోటికి అడుగు అవతల దించి, కొమ్మ మీదుగా మెల్లగా లోపలికి జారవిడుస్తారు.

ఇదంతా ఎవరికి తట్టింది? కాలిఫోర్నియాలో ట్యూలీ అనే పొడవాటి తుంగ జాతి మొక్కలు నదుల అంచున దట్టంగా పెరుగుతాయి. అక్కడి జాలర్లు పన్నెండు అడుగుల పై కర్రలు పట్టుకుని, కాస్త దారం కట్టి, తుంగ సందుల్లో ఎరను నేరుగా ముంచి తీసేవాళ్ళు. మన ఊళ్ళలో వెదురు కర్రకు తంగూసు కట్టి తూటికాడల సందుల్లో గాలం వేసేవాళ్ళ పద్ధతికి అది పెద్ద దూరం కాదు. పోటీల్లో అంత పొడవు కర్రలు పనికిరావన్నారు. అప్పుడు డీ థామస్ అనే జాలరి పొట్టి రాడ్‌తోనే ఆ పని చేసే కిటుకు పట్టాడు. ఎడమచేత్తో రీల్‌కూ రాడ్ మొదటి రింగుకూ మధ్య దారం లాగి పట్టుకుని, ఎరను కింది నుంచి ఊపి వదలడం, ఊపుతో పాటు చేతిలోని దారం విడిచిపెట్టడం. రీల్‌లో దారం చుట్టి ఉండే స్పూల్ తిరగనే తిరగదు. దీని పేరు ఫ్లిపింగ్. 1975లో ఆర్కన్సాలోని బుల్ షోల్స్ సరస్సులో జరిగిన పోటీలో ఆయన దీనితో గెలిచేసరికి మిగతావాళ్ళు ఉలిక్కిపడ్డారు. పోటీల్లో రాడ్ 8 అడుగులు దాటకూడదన్న నియమం ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది.

ఫ్లిపింగ్‌కు ఉన్న ఇబ్బంది దూరమే. చేతిలో పట్టగలిగినంత దారంతో అయిదారు మీటర్లకు మించి పోదు. స్పూల్‌ను కూడా తిరగనిస్తే ఆ దూరం రెట్టింపవుతుంది. అదే పిచింగ్. 1998లో నార్త్ కరోలినాలోని హై రాక్ సరస్సులో బాస్‌మాస్టర్ క్లాసిక్ పోటీ గెలిచిన డెనీ బ్రావర్ ఈ రెండు పద్ధతుల్లోనూ ఆరితేరినవాడు. ఆ గెలుపుతో అమెరికాలో చాలా ఇళ్ళకు తెలిసిన వీటీస్ అల్పాహారం డబ్బా మీద ఒక జాలరి బొమ్మ మొదటిసారి ఎక్కింది.

ఇక చేతిపని. రాడ్ ఏడు, ఏడున్నర అడుగులది, బిరుసుగా ఉండాలి. ఎర సాధారణంగా టెక్సస్ రిగ్: దారానికి ముందు కొన సన్నగా ఉన్న గుండు, దాని వెనక వంపు కొక్కెం, కొక్కేనికి మెత్తటి ప్లాస్టిక్ పురుగో, క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవిని పోలిన బొమ్మో. కొక్కెం మొన ప్లాస్టిక్ లోపలే దాగి ఉంటుంది. అందుకే కొమ్మల్లోంచి లాగినా తగులుకోదు. గుండు సీసానిది కాకుండా టంగ్‌స్టన్‌ది అయితే అదే బరువుకు మూడింట రెండు వంతుల పరిమాణం లోపే ఉంటుంది, కాబట్టి చిన్న సందులోనూ దూరిపోతుంది. బరువు 10 నుంచి 20 గ్రాముల మధ్య. పొద ఎంత దట్టమైతే అంత బరువు.

కుడిచేతివాటం వాళ్ళు రాడ్‌ను కుడిచేత పట్టుకుని, ఎర రీల్ దగ్గరికి వేలాడేంత దారం వదలాలి. ఇక్కడ కొలత ముఖ్యం. దారం మరీ పొడవైతే ఊపులో ఎర నీళ్ళకు తగులుతుంది, పొట్టిదైతే ఊపే రాదు. బొటనవేలు స్పూల్ మీద నొక్కి ఉంచి, స్పూల్‌ను విడిపించే మీట నొక్కాలి. ఎరను ఎడమచేత్తో గుండు దగ్గర పట్టుకుని కొంచెం వెనక్కి లాగితే రాడ్ కొన కాస్త వంగుతుంది. రాడ్ కొన నీళ్ళ వైపు చూస్తూ ఉంటుంది. ఇప్పుడు కుడి మణికట్టు మెల్లగా పైకెత్తుతూ ఎడమచేతిని వదిలెయ్యాలి. ఎర కిందికి జారి, ముందుకు ఊగి, లక్ష్యం వైపు తిరిగిన క్షణంలో బొటనవేలు సడలించాలి.

ఇది లోలకమేనా? సగమే. రెండు మీటర్ల దారానికి కట్టిన గుండును అరమీటరు ఎత్తు నుంచి వదిలితే, అట్టడుగుకు చేరేటప్పటికి దాని వేగం సెకనుకు 3 మీటర్ల పైచిలుకే. ఆ వేగంతో నడుము ఎత్తు నుంచి పోతే రెండు మీటర్లు కూడా పోకుండానే నీళ్ళలో పడుతుంది. 8 మీటర్లు పోవాలంటే సెకనుకు 10 మీటర్లకు దగ్గరగా ఉండాలి. మిగతా వేగం రాడ్ కొన నుంచి వస్తుంది. ఎర కింది బిందువును దాటుతున్నప్పుడే దారం బాగా బిగువుగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కొన పైకి లేస్తే ఆ బిగువుకు వ్యతిరేకంగా మనం చేసిన పని అంతా ఎర వేగంగా మారుతుంది. ఉయ్యాల మీద నిలబడ్డ పిల్ల కిందికొచ్చిన ప్రతిసారీ మోకాళ్ళు చాచి ఊపు పెంచుకునేది ఈ సూత్రం మీదే. వంగిన రాడ్ నిటారు కావడం మరికొంత కలుపుతుంది. అందుకే మొదట్లో అందరికీ వచ్చే సందేహానికి, అంటే బలం ఎక్కడ పెట్టాలి అన్నదానికి, జవాబు బలంలో లేదు. కొన ఎప్పుడు లేవాలి అన్నదాంట్లో ఉంది.

డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉండే మా మేనల్లుడు వానాకాలం సాయంత్రాలు హాల్లో కార్పెట్ మీద ఇదే సాధన చేస్తాడు. కొక్కెం తీసేసి గుండు మాత్రం ఉంచుతాడు. ఎదురుగా గోడ దగ్గర ఒక స్టీలు చెంబు. గుడివాడ నుంచి వచ్చిన మా అక్క మొదటిరోజు గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఒరేయ్, ఇంట్లో చేపలు పట్టడమేంట్రా?"

"చేపలు కాదమ్మా, చెంబు."

"ఆ చెంబుకు సొట్ట పడిందంటే నీకు కాఫీ అందులోనే."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక వాడు నా చేతికి రాడ్ ఇచ్చాడు. "మావయ్యా, ఎడంచేత్తో విసరొద్దు. వదిలెయ్, అంతే. విసిరావంటే అది నీ చెయ్యి చెప్పినట్టు పోతుంది, రాడ్ చెప్పినట్టు పోదు." వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భౌతికశాస్త్రం పదో తరగతి తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు. అయినా ఆ మాటలో తప్పేమీ లేదు. ఎడమచేత్తో తోస్తే ఎర, రాడ్ కొన ఒకే సమతలంలో ఉండవు, లోలకం పక్కకు తిరుగుతుంది, ఎర గురికి పక్కన పడుతుంది. గుండు చెంబులో పడ్డప్పుడు వచ్చే ఠంగు శబ్దాన్ని బట్టి కూడా వాడు లెక్కగడతాడు. గట్టిగా మోగితే వేగం ఎక్కువైందని, అస్సలు మోగకుండా అంచు దాటి లోపలికి దిగితే కుదిరిందని. బొటనవేలు ముందే సడలిస్తే ఎర చెంబుకు ఇవతలే నేలను తాకుతుంది. ఆలస్యమైతే పైకి లేస్తుంది. ఆ హాల్లో సీలింగ్ ఫ్యాన్ ఆపి ఉంచడానికి కారణం అదే.

సాధనలో ఎక్కువమందిని విసిగించేది ఎర కాదు, రీల్. అమెరికాలో గేర్లు పెట్టిన రీల్‌ను మొదట తయారుచేసిన వాళ్ళలో పేరున్నవాడు కెంటకీలోని పారిస్ ఊరి గడియారాల పనివాడు జార్జ్ స్నైడర్. పందొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల మాట. ఇప్పటి బెయిట్‌కాస్టింగ్ రీల్ మూలసూత్రం అప్పటిదే: దారం పోతుంటే స్పూల్ తిరుగుతుంది. ఇక్కడే తంటా. స్పూల్ వ్యాసం 34 మిల్లీమీటర్లు, ఎర వేగం సెకనుకు 10 మీటర్లు అనుకుంటే, స్పూల్ నిమిషానికి 5,600 చుట్లు తిరగాలి. ఉన్నచోటు నుంచి అరక్షణంలో ఆ వేగం అందుకోవాలి. ఎర నీళ్ళలో పడ్డ క్షణంలో ఆగిపోవాలి. జడత్వం దాన్ని ఆగనివ్వదు. ఎర ఆగినా స్పూల్ తిరుగుతూనే ఉంటే, పోవడానికి చోటులేని దారం స్పూల్ మీదే ఉబ్బి చిక్కుముడి పడుతుంది. దాన్ని విప్పుతూ గడిపిన మధ్యాహ్నాలు ప్రతి జాలరి జీవితంలోనూ ఉంటాయి.

ఇందుకోసం రీల్‌లో బ్రేకులు పెట్టారు. ఒక రకంలో చిన్న దిమ్మలు వేగానికి బయటికి తోసుకువచ్చి రాసుకుంటాయి. వాటి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. రెండో రకంలో అయస్కాంతాలు స్పూల్ లోహంలో సుడి విద్యుత్తును పుట్టిస్తాయి, ఆ విద్యుత్తు తిరుగుడును అడ్డుకుంటుంది. దూరపు విసురుకు ఇవి బాగా పనికొస్తాయి. పిచింగ్‌కు వీటిని దాదాపు వదులుగా పెట్టుకోవాలి. మొత్తం ప్రయాణం సెకను లోపే ముగిసేచోట, స్పూల్ ఇంకా వేగం అందుకోకముందే బ్రేకు పట్టుకుంటే ఎర సగం దారిలో చతికిలబడుతుంది. కాబట్టి అసలు బ్రేకు బొటనవేలే. దారం మీద ఈక తగిలినంత ఒత్తిడి మొదటి నుంచీ ఉంచి, చివర్లో కొంచెం కొంచెంగా పెంచాలి. ఏ రీల్ కంపెనీ ప్రకటన ఏం చెప్పినా, ఆ బొటనవేలిని కొనుక్కోవడం కుదరదు.

ఎర నీళ్ళలో దిగింది. పని అయిపోయిందనుకుని రీల్ బిగించేస్తే ఇంతవరకు పడ్డ శ్రమంతా నీళ్ళపాలే. దారం బిగువుగా ఉంటే మునిగే ఎర నిలువుగా దిగదు, రాడ్ కొన కేంద్రంగా చాపంలో పడవ వైపు జరిగి వస్తుంది. చెట్టు మొదట్లో ఉన్న చేప దగ్గరికి పంపింది, చెట్టుకు మీటరు ఇవతల అడుగు చేరుతుంది. అందుకని ఎర నీటిని తాకగానే స్పూల్ నుంచి ఇంకాస్త దారం చేత్తో లాగి వదలాలి. వదులుగా ఉన్న దారంతో ఎర నిటారుగా, కొమ్మ పక్కనుంచి, చేప మూతి ముందుగా దిగుతుంది. చాలాసార్లు చేప పట్టేది ఇప్పుడే, ఎర దిగుతుండగానే. మరి దారం వదులుగా ఉంటే చేప పట్టినట్టు చేతికి ఎలా తెలుస్తుంది? తెలియదు. కంటికి తెలియాలి. నీళ్ళలోకి దిగుతున్న దారం ఒక్కసారి ఉలిక్కిపడవచ్చు, పక్కకు నడవవచ్చు, అడుగు రాకముందే ఆగిపోవచ్చు. ఏది జరిగినా చేపే అనుకోవాలి. ప్లాస్టిక్ అని తెలిసిన మరుక్షణం బాస్ ఉమ్మేస్తుంది. మనిషి కన్ను చూసి చెయ్యి కదలడానికే సెకనులో అయిదో వంతు పడుతుంది. కొద్దిపాటి ఆలోచనకు కూడా అక్కడ చోటు లేదు.

ఎర రంగు మీద జాలర్లు గంటల తరబడి వాదించుకుంటారు. 2019లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించిన ఫలితాలు ఆ వాదనలో కొంత భాగాన్ని తేల్చేశాయి. బాస్ కంటిలో రంగు చూసే కణాలు రెండే రకాలు, ఒకటి ఆకుపచ్చకు, రెండోది ఎరుపుకు స్పందించేది. ఆ రెండు రంగులనూ అది బాగానే గుర్తుపడుతుంది. నీలాన్నీ నలుపునూ మాత్రం వేరు చెయ్యలేక తడబడుతుంది. నీలం మంచిదా నలుపు మంచిదా అని పడవలో తగువు పడేవాళ్ళను ఇక వదిలెయ్యవచ్చు.

చేప పట్టాక రాడ్ కొన దించి, వదులు దారం చుట్టి, రెండు చేతులతో గట్టిగా ఎత్తాలి. మామూలు తంగూసు ఇక్కడ పనికిరాదు. 8 మీటర్ల దారం పదిశాతం సాగినా 80 సెంటీమీటర్ల లాగుడు సాగడానికే ఖర్చవుతుంది, ప్లాస్టిక్‌ను చీల్చుకుని మొన దవడలో దిగడానికి ఏమీ మిగలదు. అందుకే గుబురుల్లో దాదాపు సాగని, 50 పౌండ్ల పైన బలమున్న అల్లిక దారం వాడతారు. అంత బలం చేప బరువు కోసమని కొందరు పొరపడతారు. నీళ్ళలో చేప బరువు దాదాపు శూన్యం. ఆ బలం కావలసింది మొదటి ఒకటి రెండు సెకన్లలో దాని తల చెట్టు వైపు తిరగకుండా పట్టి లాగడానికి, దాంతో పాటు వచ్చే కిలోల కొద్దీ నాచును మోయడానికి.

నాచంటే గుర్తొచ్చింది. ఫ్లోరిడా, టెక్సస్ జలాశయాల్లో బాస్‌కు ఇప్పుడు పెద్ద ఆశ్రయం హైడ్రిల్లా. కొల్లేటిలోనూ, మన చెరువుల్లోనూ కాళ్ళకు చుట్టుకునే మొక్కే అది. 1950లలో అక్వేరియం వ్యాపారుల చేతుల మీదుగా శ్రీలంక నుంచి ఫ్లోరిడా చేరి, అక్కణ్ణుంచి పాకింది. దానికి తోడు దక్షిణ అమెరికా నుంచి ఇటూ అటూ వ్యాపించిన గుర్రపుడెక్క. జలవనరుల శాఖలకు ఇవి రెండూ శత్రువులు. మందులు చల్లుతారు, యంత్రాలతో కోయిస్తారు. బాస్ జాలర్లు మాత్రం మందు చల్లారని తెలిస్తే గొడవకు దిగుతారు. హైడ్రిల్లా నీటి పైకి చేరాక పక్కలకు విస్తరించి కప్పులా అల్లుకుంటుంది. కింద వెలుతురు అందక కాడలు పలచబడతాయి. పైన నీడ, కింద తిరగడానికి చోటు. బాస్‌కు అంతకంటే ఏం కావాలి? ఆ కప్పును చీల్చుకు దిగడానికి 20 గ్రాముల గుండు చాలదు, 40 దాకా పోవాలి. అక్కడ చప్పుడు లేకుండా దించడం అన్న నియమం కూడా సగం చెల్లదు. నాచు పరుపు చప్పుడును మింగేస్తుంది.

గత కొన్నేళ్ళుగా పడవల్లో కొత్త సోనార్ తెరలు వచ్చాయి. ముందున్న నీళ్ళలో చేప ఎక్కడుంది, ఎర వైపు తిరిగిందా లేదా అన్నది కదిలే బొమ్మగా చూపిస్తాయి. దాంతో చాలామంది పోటీ జాలర్లు ఒడ్డు చాటులు వదిలి లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయారు. పిచింగ్ రోజులు అయిపోయాయని కొందరన్నారు కూడా. కానీ నీటి మొక్కల కాడల లోపల గాలి గదులుంటాయి. ధ్వని తరంగం నీళ్ళలోంచి వచ్చి గాలిని తాకగానే వెనక్కి తిరుగుతుంది, ఇందాక పడవలో కబుర్ల విషయంలో అటునుంచి జరిగిందే ఇటునుంచీ జరుగుతుంది. దట్టమైన హైడ్రిల్లా మీద సోనార్ వేస్తే తెర మీద కనిపించేది ఒక తెల్లటి గోడ. దాని వెనక చేప ఉందో లేదో తెలుసుకోవాలంటే, నీడ ఉన్న అంచు ఏదో చూసుకుని, సందు వెతుక్కుని, ఒక ఎర దించి చూడటమే ఇప్పటికీ ఉన్న దారి.